ఐదు మార్కుల అర్జీ

కర్ణాటక ఎస్సెస్సెల్సీ ఇంగ్లిష్ పేపర్లో ఉత్తరానికి ఐదు మార్కులు. వాటిని పోగొట్టుకోవాలంటేనే కష్టపడాలి. రాసేవాడి పేరు ప్రశ్నలోనే ఉంటుంది, ఊరూ బడీ కూడా ఉంటాయి. జవాబు పత్రంలో పిల్లల గుర్తులు బయటపడకూడదు కనుక పేరు అరువివ్వడాన్ని తప్పు పట్టలేం. గోడు కూడా పేపరు పెట్టేవాళ్లే అరువివ్వడం మాత్రం వింత.

రాయచూరు, సింధనూరు, మాన్విల్లో జనవరి దాటితే 'పాసింగ్ ప్యాకేజీ'ల సీజను. నాలుగు జిరాక్సు కాగితాల్లో ఇంగ్లిష్ అంతా ఇమిడిపోతుంది. ఉత్తరం పేజీ చూస్తే ఫ్రమ్, టు, డేటు, రెస్పెక్టెడ్ సర్, సబ్జెక్టు, ఆ కింద 'విత్ రిఫరెన్స్ టు ది అబౌవ్ సబ్జెక్ట్', ఆపైన ఒక ఖాళీ గీత. గీత మీద నీళ్లు రావడం లేదని రాస్తే కమిషనరుకు, బస్సు రావడం లేదంటే డిపో మేనేజరుకు, టూరుకు డబ్బు కావాలంటే నాన్నకు. మిగతాదంతా ముగ్గురికీ ఒకటే. కన్నతండ్రికి 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని సంతకం పెట్టే బిడ్డలు అలాగే తయారవుతారు. దీన్నే ఎదుటివాణ్ణి ఒప్పించే రచన అంటారట. ఆ ఉత్తరం చూసి ఏ తండ్రయినా ఒక్క రూపాయి తీస్తాడా?

ఫీజు ఎక్కువ తీసుకునే ఇంగ్లిష్ మీడియం బడుల్లో దీనికి పైమెరుగు కూడా ఉంటుంది. పేరు 'క్రియేటివ్ వొకాబులరీ'. రోజుకో పెద్ద మాట బోర్డెక్కుతుంది. సోమవారం 'ప్లెథోరా', మంగళవారం 'మిరియడ్'. వారం తిరిగేసరికి క్లాసులోని ప్రతి వ్యాసంలోనూ ఆ రెండూ పెళ్లికొచ్చిన బంధువుల్లా ముందు వరసలో కూర్చుంటాయి. కాలుష్యం మీదైనా, గ్రంథాలయం మీదైనా, దీపావళి మీదైనా 'మిరియడ్' ఉండాల్సిందే.

కాలుష్యం అన్నాం కాబట్టి రాయచూరు దగ్గరి శక్తినగర్ దాకా వెళ్లొద్దాం. కృష్ణ ఒడ్డున 1,720 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం ఉంది. బొగ్గు మండితే బూడిద వస్తుందని అక్కడ ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అయినా ఆ చుట్టుపక్కల బడిపిల్లాడు కాలుష్యం మీద వ్యాసం రాస్తే అందులో బూడిద కనబడదు. మహానగరాల వాహనాల పొగ, ఓజోన్ పొర, కరిగే మంచుకొండలు ఉంటాయి. ప్యాకేజీలో ఉన్నవి అవే మరి.

నీళ్ల ఉత్తరం సంగతి ఇంకా దారుణం. 2022 మే, జూన్ నెలల్లో రాయచూరు పట్టణంలో కుళాయి నీళ్లు కలుషితమై కొందరు చనిపోయారు, ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై దర్యాప్తుకు ఆదేశించారు. ఇంత జరిగిన ఊళ్లో పదో తరగతి పిల్లకు ఇప్పటికీ కంఠతా పట్టించేది 'ఇర్రెగ్యులర్ వాటర్ సప్లై'. ఏ వార్డు, ఏ రోజు, నీళ్ల రంగేమిటి, ఎవరి ఇంట్లో ఎవరు పడకేశారు అన్నవి రాస్తే అదనంగా మార్కులు రావు. పైగా టైము వేస్టు.

పాఠ్యపుస్తకం పాపం బాగానే ఉంది. షేక్‌స్పియర్ నాటకంలోని పోర్షియా మాటలు అందులో పద్యంగా ఉన్నాయి. కత్తి నూరుకుంటున్న వడ్డీ వ్యాపారి షైలాక్‌ను దయ చూపమని కోర్టులో వేడుకునే ఘట్టం అది. ఒప్పించే విద్యకు అంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం. దాన్ని మనం ఏం చేశాం? చూడకుండా రాయమన్నాం. కామా పోకుండా అప్పజెప్పే పిల్లవాడికి ఆవిడ ఎవరితో ఎందుకు మొరపెట్టుకుంటోందో తెలియకపోయినా పనైపోతుంది.

రాయచూరు జిల్లాకు ఆ ఒప్పించే విద్య పైనుంచి దిగుమతి కానక్కర్లేదు. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు మస్కిలో బయటపెట్టిన శాసనంలో అశోకుడి పేరు నేరుగా ఉంది. ఆయన సొంత శాసనాల్లో ఆ పేరు దొరకడం అదే మొదలు. చక్రవర్తి అందులో చెప్పింది చిన్న సంగతే. తాను బౌద్ధం పట్టి రెండున్నరేళ్లు దాటిందంటాడు, ధర్మఫలం పెద్దవాళ్లకే అనుకోవద్దు, చిన్నవాళ్లకూ అందుతుందంటాడు. చెప్పింది ప్రాకృతంలో. మన ప్యాకేజీ ప్రకారం దిద్దితే ఆయనకు ఫార్మాట్ మార్కులు పోయినట్టే, సబ్జెక్టు లైను లేదు.

పాత సంగతులు వద్దంటే ఎయిమ్స్ ఉద్యమం ఉంది. రాయచూరుకు ఎయిమ్స్ కావాలంటూ 2022 మేలో మొదలైన ధర్నా వెయ్యి రోజులు దాటింది. ఐఐటీ ధారవాడకు పోయిందన్న పాత నొప్పి, వెనుకబడిన ప్రాంతమన్న రాజ్యాంగ అధికరణం 371జె వాదన, వైద్యం కోసం హైదరాబాదు పరుగులు, అన్నీ ఆ డేరా కింద వినబడతాయి. ముఖ్యమంత్రిగా సిద్ధరామయ్య కూడా కేంద్రానికి లేఖలు రాశారు. ఇంగ్లిష్ క్లాసును ఒక్క పూట ఆ డేరాకు తీసుకెళ్లి కూర్చోబెడితే సరిపోయేది. సిలబస్‌లో లేదంటారు.

టీచర్ల మీద విరుచుకుపడటం కూడా న్యాయం కాదు. సింధనూరు వైపు తెలుగువాళ్ల క్యాంపుల్లో పిల్లాడు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడతాడు, ఇంగ్లిష్ పరీక్షలో మాత్రమే కలుస్తుంది. 2024లో పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ పెట్టగానే రాష్ట్ర ఉత్తీర్ణత 83.89 శాతం నుంచి 73.40కి జారింది, అదీ గ్రేసు మార్కులు పెంచాక. పైనుంచి 'రిజల్ట్ ఏదీ' అని అడిగేవాళ్లే తప్ప పిల్లాడు ఏం రాశాడని అడిగే అధికారి లేడు. సారు ప్యాకేజీ పంచక ఏం చేస్తాడు!

చేయాలనుకుంటే ఒక పని ఉంది. పోస్టు కార్డు ఇప్పటికీ 50 పైసలే. క్లాసంతా తలా ఒక కార్డు మీద తమ వీధి కుళాయి గురించి రాసి, నిజం పేరుతో, నిజం కమిషనరుకు నిజంగానే పోస్టు చేయొచ్చు. ఆ కార్డుల్లో ఒక్కదాంట్లోనూ 'మిరియడ్' దూరకుండా ఇంగ్లిష్ సారు కాస్త చూసుకోవాలి.