వైరు పైనుంటే కట్టర్, కిందుంటే బడ్జెట్

నకిరేకల్ల కేబులన్న నిచ్చెనేసి కరెంటు స్తంభమెక్కిండంటే వాడకట్టుకు సీరియల్ వస్తది. అదే సర్కారు కేబులన్న దిక్కు చూసిందంటే పన్నో, నోటీసో వస్తది.

ముందుగాల పైసల ముచ్చట. 2019 ఫిబ్రవరిల ట్రాయ్ కొత్త ధరలు పెట్టినప్పుడు వంద చానళ్లకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 153 రూపాయల 40 పైసలు. ఆ పన్నుల సగం, అంటే 11 రూపాయల 70 పైసలు, రాష్ట్ర ఖజానాది. స్తంభమెక్కకుండ, వాన కొట్టిన రాత్రి ఫోనెత్తకుండ, ‘వచ్చే నెల ఇస్తం పో’ అనే మాట పడకుండ వచ్చే పైసలివి. ఎక్కే అన్నకేమో, సిగ్నల్ ఇచ్చే ఎమ్మెస్వోతోని వేరే ఒప్పందం లేకుంటే, అప్పటి లెక్కల 130ల 45 శాతం: 58 రూపాయల 50 పైసలు. వైరు, పిలగాని జీతం, స్తంభం కిరాయి అన్నీ అందులనే ఎల్లాలె. 2025-26కు 3,04,965 కోట్ల బడ్జెట్ పెట్టిన సర్కారుకు ఈ పదకొండు రూపాయలొక లెక్కా? కాదు. కానీ ఇడిసిపెట్టదు.

జీఎస్టీ రాంగనే వినోదపు పన్ను పీడ పోయిందనుకున్నం. పోలేదు, కిరాయి ఇల్లు మారింది. 2016 రాజ్యాంగ సవరణ దాన్ని పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఒదిలింది. అసెంబ్లీ ఒక చట్టం చేస్తే సాలు. నకిరేకల్ల మనమేమో 2021ల మున్సిపల్ ఓట్లు గూడ ఏసుకుని తయారుగున్నం. 2025 మేల సుప్రీంకోర్టు, కేరళ కేసుల, కేంద్రం సేవా పన్ను గుంజినా రాష్ట్రం వినోదపు పన్ను ఎయ్యొచ్చని తేల్చింది. జీఎస్టీకి ముందటి పంచాయితీయే గానీ, ఖజానా ఎండినోళ్లకు ఇసుమంటి తీర్పులు నిద్రల గూడ యాదికుంటయి.

మన సభ కేబుల్ మీద మనసు పెట్టింది మాత్రం 2014 జూన్‌లనే. ఎమ్మెల్యేలను ఎగతాళి చేసిందని టీవీ9 మీద తీర్మానం చేసిండ్రు. రోజులు తిరగకముందే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి తెలంగాణ కేబుల్ల మాయం. ఆపింది కేబులోళ్లు, మాకేం సంబంధమన్నది సర్కారు. కరెంటోళ్లు కసిరితేనే నిచ్చెన దిగే కేబులన్నకు గంత పౌరుషం, అదీ రాష్ట్రమంతట ఒక్కపారే! సెప్టెంబర్‌ల వరంగల్ల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇసుమంటి మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతరేస్తమన్నడు. మరుసటేడు మన చౌటుప్పల్ల పైలాన్ లేపి, మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కందకంలనే ఇంటింటికీ ఫైబర్ అన్నరు. ఆ కందకం పదడుగుల లోతు గూడ లేదు. అయినా తీగ మీదికి రానీకి ఏండ్లు పట్టింది: 2024 డిసెంబర్‌ల, వేరే సర్కారుల, నారాయణపేట జిల్లా మద్దూరు వంటి కొన్ని ఊళ్లల్ల నెలకు 300కు నెట్టు, టీవీ, ఫోను అని రిబ్బన్ కట్ చేసిండ్రు.

2025 ఆగస్టుల కట్ చేసింది రిబ్బన్ కాదు. రామంతాపూర్ కృష్ణాష్టమి ఊరేగింపుల కరెంటు తగిలి అయిదుగురు సచ్చిపోయిండ్రు. కడుపు తరుక్కుపోయే చావులు. ఏలాడే వైర్లను ఎవరూ ఎనకేసుకురావద్దు. కానీ ఏండ్ల తరబడి అవే స్తంభాల మీద కండ్లు మూసుకున్న కరెంటు శాఖకు అయిదు శవాలు లేశినంకనే చూపు వచ్చింది. వచ్చుడు వచ్చుడే కట్టర్ పట్టింది. హైదరాబాద్ల నెట్లు పోయినయి, లొల్లి హైకోర్టుకెక్కింది. మన నల్లగొండ స్తంభాలు గూడ హైదరాబాద్‌కు కరెంటిచ్చే ఆ డిస్కంవే.

ఇంధన శాఖ, ఆర్థిక శాఖ రెండూ భట్టి విక్రమార్క గారి దగ్గరనే ఉన్నయి. వైర్లు తీసుడు ఆయన ఆర్డరే, బడ్జెట్ చదువుడూ ఆయనే. నకిరేకల్ల ఆ ప్రసంగం టీవీల రావాల్నంటే 58 రూపాయల 50 పైసల మనిషే స్తంభమెక్కాలె. గందుకని సార్, రెండు పనులూ ఒక్కనాడు పెట్టుకోకుండ్రి.