మా బావగారి పోలీసు డ్యూటీ

పాత పోలీసు సీరియల్‌ని ఎవరో కామెడీ సినిమాగా తీశారని తెలిస్తే చాలు, మా బావగారికి బీపీ పెరుగుతుంది. ఆ బీపీతోనే మొదటిరోజు టికెట్లు కొంటారు. హాల్లోకి మగపెళ్ళివారిలా అడుగుపెడతారు. పెట్టాల్సిన వంకలన్నీ ఇంటి దగ్గరే సిద్ధం.

ఆయన డెబ్బైల్లో ఇంజనీరు ఉద్యోగానికి అమెరికా వెళ్ళారు. పలకరించే తెలుగువాడు లేడు, పక్కింటివాడి ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. రాత్రి అన్నం వండుకుని పాత నలుపు తెలుపు టీవీ పెడితే, తోడుండేది పోలీసులే. 'స్టార్‌స్కీ అండ్ హచ్' (1975–79), 'చిప్స్' (1977–83), మళ్ళీ మళ్ళీ వేసే 'డ్రాగ్‌నెట్' పాత ఎపిసోడ్లు. ఇంగ్లీషు ఆ పోలీసుల దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి కూడా విచారణ చేస్తున్నట్టే మాట్లాడతారు. "ఈ పైపుని చివరిసారి చూసిందెవరు?"

స్టార్‌స్కీ నడిపే గ్రాన్ టొరినో కారు ఎరుపు, పక్కన తెల్లచార. ఆ ఎరుపు గురించి బావగారు గంటసేపు చెప్పగలరు. కలర్ టీవీ కొనేదాకా అది ఎర్రదని ఆయనకే తెలియదని మా అక్క చెబుతుంది. ఆ మాట వస్తే ఆయన మందులేసుకునే వేళవుతుంది.

స్టార్‌స్కీ తొడిగే మందపాటి ఉన్ని కార్డిగన్, నడుముకి బెల్టు ఉండేది, అలాంటిదొకటి ఈయనా కొన్నారు. అది వేసుకునే గుంటూరులో మా అక్క పెళ్ళిచూపులకి వచ్చారు. మే నెల. ధారాపాతంగా కారుతున్న చెమటలు చూసి, కుర్రాడికి బిడియం ఎక్కువని మా నాన్న ముచ్చటపడ్డారు. ఆ కార్డిగన్ ఇప్పటికీ వాళ్ళింటి అలమారలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని అక్క అన్నప్పుడల్లా ఇంట్లో ఒక పూట మౌనం.

అమెరికా వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆయన పక్కన కూర్చుని సినిమా చూసే శిక్ష తప్పదు. ప్లాస్టిక్ కవరు చుట్టిన రిమోట్ ఆయన చేతిలోనే ఉంటుంది. 2004లో వచ్చిన 'స్టార్‌స్కీ అండ్ హచ్' సినిమాలో బెన్ స్టిల్లర్ నోరు తెరిచాడో లేదో, తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు. అసలు స్టార్‌స్కీ నడకెలా ఉండేదో, ఓవెన్ విల్సన్‌కీ పాత హచ్‌కీ తేడా ఏమిటో ఈయన లేచి నడిచి మరీ చూపిస్తారు. లోపల్నుంచి మా అక్క, "ఏమండీ, ముందు ఆ పిల్లాడి నోరు మూయించండి, ఈగలు దూరతాయి" అంటుంది.

'డ్రాగ్‌నెట్' విషయంలో ఆయనతో పందెం కాయకూడదు. సార్జెంట్ జో ఫ్రైడే పేరు చెప్పగానే, వాస్తవాలు మాత్రమే చెప్పమ్మా అన్న డైలాగు అందరికీ గుర్తొస్తుంది. ఆ పాత్ర వేసిన జాక్ వెబ్ సరిగ్గా ఆ మాటల్లో దాన్ని అననేలేదు. 1953లో స్టాన్ ఫ్రీబర్గ్ అనే హాస్యగాడు సీరియల్‌ని వెక్కిరిస్తూ ఒక రికార్డు చేస్తే, దాని వల్ల అది జనంలో పడింది. ఇది బావగారే చెప్పారు. "అంటే వెక్కిరింత వల్లే మీ ఫ్రైడే బతికున్నాడన్నమాట" అన్నాను. ఆయన జంతిక విరుచుకుని సౌండు పెంచారు.

అయినా ఆయన తీర్పుల్లో ఒక న్యాయం ఉంది. 1987 నాటి 'డ్రాగ్‌నెట్' కామెడీని క్షమించేశారు. పాత సీరియల్లో ఫ్రైడేకి జోడీగా చేసిన హ్యారీ మోర్గాన్‌ని మర్చిపోకుండా పిలిచి, అదే పాత్రకి కెప్టెన్‌గా ప్రమోషన్ ఇచ్చారట. తన ఆఫీసులో ఆ మర్యాద జరగలేదని ఆయనకి ఇంకా కినుకే. 2017 నాటి 'చిప్స్'ని మాత్రం క్షమించలేదు. సీరియల్లో తుపాకీల జోలికి పెద్దగా పోకుండానే హైవేలన్నీ కాసిన కుర్రాళ్ళని ఇలా చేస్తారా అని దారంతా సణిగారు.

'21 జంప్ స్ట్రీట్' మా మేనకోడలి సీరియల్. 2012 సినిమాలో, పైవాళ్ళకి కొత్త ఆలోచనలు రాక ఎనభైల నాటి సరుకునే మళ్ళీ తిప్పుతున్నారని ఒక పోలీసు అధికారే అంటాడు. దానికి నవ్విన పిల్ల, చివర్లో ఆ సీరియల్ హీరో జానీ డెప్ వచ్చి చచ్చిపోగానే హాల్లోనే కేక పెట్టింది. "ఇప్పుడు తెలిసిందా నా బాధ!" అన్నారు బావగారు, పట్టరాని ఆనందంతో.

ఇంత పట్టుదల మనిషీ 'నేకెడ్ గన్' (1988) పెడితే సోఫాలోంచి జారిపోతారు. దాని మూలం 'పోలీస్ స్క్వాడ్!' 1982లో ఆరు ఎపిసోడ్లకే ఆగిపోయిన హాస్య సీరియల్. అందులో హీరో లెస్లీ నీల్సన్ అరవైల్లో 'ద న్యూ బ్రీడ్' అనే సీరియల్లో నిజంగానే గంభీరమైన పోలీసు. "ఆ గాంభీర్యం వదల్లేదు కాబట్టే నవ్వొచ్చింది. మనల్ని నవ్వించాలని వాడు నవ్వితే ఎవడు చూస్తాడోయ్?" అంటారు. ఈ ఒక్క మాటకి మాత్రం నేనూ ఎదురు చెప్పలేదు. అన్ని వంకలు పెట్టిన స్టార్‌స్కీ సినిమా చివర్లో కూడా, సీరియల్లోని పాత జంట గ్లేజర్, సోల్ తెరమీదికి రాగానే రిమోట్ పక్కన పెట్టేస్తారు. కళ్ళజోడు తుడుచుకుని, డిస్కు మీద దుమ్ముందంటారు.

మొన్న వాళ్ళ మనవడు 'సీఐడీ'లో దయ తలుపు బద్దలుకొట్టినట్టు బాత్రూం తలుపు తన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. 1998 నుంచి ఇరవై ఏళ్ళు నడిచి, ఆగి, 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైన సీరియల్ అది, ఆ తన్నుకో పద్ధతుంది, ముందు ఏసీపీ ప్రద్యుమ్న్ ఆజ్ఞ కావాలి అని లేచి నిలబడి చూపించాను. ఎడమ కాలా, కుడి కాలా అన్నదగ్గర వాడితో వాదన కూడా పడింది.

బావగారు నన్నే చూస్తున్నారు. "ఏమోయ్, రేపు మీ సీఐడీనీ కామెడీ సినిమా తీస్తేనో?"

"తియ్యమనండి, సంగతి చెబుతా" అన్నాను.

"మొదటాట టికెట్లు నేను కొంటాలే. హాల్లో మాత్రం నోరెత్తకూడదు" అన్నారు.