మా రోజుల్లో ఎవర్నడిగాం?

ఏమప్పా, పొద్దున్నుంచీ ఆ ఫోన్లో ఏం చూస్తాండావు? డబ్బులు పడినాయా అనేనా? మీకు కష్టమొస్తే గవర్నమెంటు ఏమిస్తుందో అని ఫోను చూస్తారు. మా రోజుల్లో కష్టమొస్తే ఆకాశం చూసేవాళ్లం. అదీ ఏమిచ్చేది కాదనుకో.

అనంతపురం జిల్లాలో పుట్టినోడికి కరువు చుట్టమే. మా అవ్వ ధాతు కరువు కతలెత్తితే సంగటి ముద్ద గొంతు దిగేది కాదు. 1952 కరువులో నాకు ఐదేళ్లు. ఎవరినైనా అడిగామా? సరే, గంజి కేంద్రం ఉండె. అమ్మ కొంగు పట్టుకొని వరసలో నిలబడినా. నా సత్తు గిన్నెకు అంచు దగ్గర సొట్ట. గంజి అక్కడ కారిపోతుందని బొటనవేలు అడ్డం పెట్టేవాణ్ణి. కాలి బొబ్బలెక్కినా తీసేవాణ్ణి కాను. సర్కారు గంజే, ఒప్పుకుంటా. కానీ ఆ రుచి మీ సన్నబియ్యానికేదీ?

తర్వాత పనికి ఆహారం పథకమొచ్చింది, 1977లో. చెరువు మట్టి తట్టకెత్తితే కూలికి గోధుమలు. వాటినేం చేసుకోవాలో తెలీక మీ అవ్వ పిండి పట్టించి సంగటి కెలికింది. కర్రకు అంటుకుంటే రాలేదు. అయినా పని చేసి తిన్నాం! 1983లో రామారావు కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చినాకే చెడినాం. అంతవరకూ వరన్నం పండక్కే కదా. మొదటి నెల నేనే మూడు పూటలా తిన్నా.

నవ్వకు. 2006లో ఉపాధి హామీ మొదలైంది మన బండ్లపల్లిలోనే. ఏడాదికి 100 రోజుల పని ఉండె. సోమరులు చేసే పని అన్నా అప్పట్లో. 2020లో లాక్‌డౌనుకు బెంగళూరు నుంచి నువ్వు ఇంటికొచ్చి, ఇంజినీరింగు చదివిన చేత్తో పార పట్టినప్పుడు మాత్రం నోరు మూసుకున్నా. ఆ నెలల్లో మనిషికి 5 కిలోల బియ్యం ఊరికే ఇచ్చినారు, మనమూ తెచ్చుకున్నాం.

ఒక్కటి మాత్రం చెడిందప్పా, అది నిజం. గంజి కేంద్రంలో నా మొహం చూసి గంజి పోసినారు. ఇప్పుడు డీలరు బొటనవేలు పెట్టమంటాడు, మిషను పట్టదు. "అరిగిపోయింది తాతా" అంటాడు. అరగదా మరి, అన్ని తట్టలు మోసినాక?

సర్లే, ఎల్లుండి ఒకటో తారీకు. పింఛను 4000 ఇంటికే తెస్తారు. పొద్దున్నే నన్ను లేపు, వేలు సబ్బుతో కడుక్కోవాల.