గుడ్డుకు అభిషేకం, అటకపై వనవాసం

ఫ్రిజ్ తలుపు లోపలి వైపు గుంతలున్న ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, జన్మలో ఒక్కసారైనా గుడ్డు తిన్నాడంటే నేను నమ్మను. మంచినీళ్ల సీసా కోసం ఓసారి, పెరుగు కోసం ఓసారి, ఏమీ అక్కర్లేకున్నా ఉత్తగ చూద్దామని పిల్లలు పదిసార్లు ఆ తలుపు తెరుస్తారు. తెరిచినప్పుడల్లా వేడిగాలి ముందుగా తగిలేది గుడ్డుకే. ధన్‌మని వేసినప్పుడల్లా కుదుపు తినేదీ అదే. చల్లదనం ఎక్కడ నిలకడగా ఉండదో వెతికి మరీ సరిగ్గా అక్కడ గుడ్డుకు పీట వేశారు. వచ్చిన అట్ట ట్రేలోనే, సన్న కొస కిందికి చేసి లోపలి అరలో పెట్టొచ్చు కదా అంటే, "మరి గా గుంతలెందుకిచ్చిండ్రు?" అని ఎదురు ప్రశ్న. గుంత ఉంది కాబట్టి నింపాలి. ఇది మన రోడ్లు బాగుచేసే శాఖకు లేని నియమం.

పీట ఎక్కే ముందు అభిషేకం కూడా ఉంటుంది. కిరాణా కొట్టు నుంచి రాగానే గుడ్లను కుళాయి కింద పెట్టి, పీచుతో తోమి, గిన్నెల సబ్బు పట్టించి మరీ కడుగుతారు. కోడి గుడ్డు పెట్టేటప్పుడే దాని ఒంటికి కంటికి కనబడని పలుచని పొర పూసి పంపిస్తుంది. పెంకుకు వేల కొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, ఆ పొరే వాటికి మూత. మనం పీచుతో గీకేది ఆ మూతనే. పైగా చల్లటి నీళ్లు తగలగానే లోపలి సొన కుంచించుకుని, పెంకు మీది మురికినీటిని రంధ్రాల గుండా పీల్చుకుంటుంది. బయటి మురికిని లోపలికి పంపి, బయట మాత్రం తళతళలాడించే ఈ పనికి మన దగ్గర శుభ్రత అని పేరు.

"అమెరికాల కడిగే అమ్ముతరట" అని ఇంట్లో ఒకరు అందుకుంటారు. నిజమే. అక్కడ గుడ్డుకంటే వేడిగా ఉన్న నీళ్లతో యంత్రాల మీద కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత 7 డిగ్రీల చల్లదనం తప్పకుండా దుకాణం దాకా చేరుస్తారు. యూరప్ దేశాల్లో దీనికి పూర్తిగా ఎదురు, మేలిరకం గుడ్డును కడగకూడదన్నదే సాధారణ నియమం. రెండు చోట్లా ఒక లెక్క ఉంది. మనం అమెరికా నుంచి కడగడాన్ని మాత్రం తెచ్చుకుని, వేడినీళ్లను, తప్పని చల్లదనాన్ని అక్కడే వదిలేశాం.

ఇదంతా మామూలు రోజుల ముచ్చట. జగిత్యాల జిల్లా కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో చైత్ర పౌర్ణమి వచ్చిందంటే గుడ్డుకు అసలు కష్టాలు మొదలవుతాయి. చిన్న హనుమాన్ జయంతికి మాల వేసుకున్న స్వామి, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికి అంజన్న గుట్టెక్కి మాల తీసేదాకా 41 రోజులు ఇంట్లో గుడ్డు మాటే వినబడొద్దు. భక్తికి దండం. నా పేచీ దీక్షతో కాదు, మాల వేసుకునే ముందురోజు కూడా ట్రే నిండా గుడ్లు తెచ్చిన తెలివితో. మిగిలినవి పారేయడానికి చెయ్యి రాదు, పక్కింటికి ఇయ్యడానికి మనసు రాదు. అందుకని వాటికి వనవాసం: మేడమీది రేకుల గదికో, అటక మీదికో. ఎండాకాలం జగిత్యాల 45 డిగ్రీలు చూసే గడ్డ. కోడిపిల్లలను పొదిగించే యంత్రానికి కావలసింది ముప్పై ఏడున్నరే.

ఫారం కోడి పుంజు ముఖం ఎరగదు కాబట్టి దాని గుడ్డు మురిగి ఊరుకుంటుంది. "నాటుగుడ్డు గట్టిది, ఎన్ని దినాలైనా ఆగుతది" అని దాచినవాళ్ల సంగతి వేరు. పుంజు తిరిగే పెరట్లో పెట్టిన గుడ్డయితే, ఈ ఎండకు లోపల పిండం కదిలి, పెరగబోయి, అదే ఎండకు చస్తుంది.

మాల తీశాక గుడ్లను కిందికి దించి నీళ్ల పరీక్ష పెడతారు. మునిగితే మంచిది, తేలితే చెడ్డదట. రోజులు గడిచేకొద్దీ గుడ్డులోని తేమ ఆవిరై, లావు కొస వైపు గాలి గది పెరుగుతుంది, అందుకే తేలుతుంది. అంటే ఈ పరీక్ష చెప్పేది వయసే తప్ప ఆరోగ్యం కాదు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా పట్టిన తాజా గుడ్డు కూడా బుద్ధిగా మునుగుతుంది. విడిగిన్నెలో కొట్టి వాసన చూసిన మన నాయనమ్మల పరీక్షే దీనికంటే నయం. అన్నిటికంటే వింత ఏమిటంటే, పరీక్ష గట్టెక్కిన గుడ్లను ఆ తడితోనే మళ్లీ ఫ్రిజ్ తలుపులో పెట్టేవాళ్లున్నారు.

అసలు ఇన్నేసి ఎందుకు కొంటారు? 1982లో పుట్టిన నెక్, అంటే గుడ్ల సమన్వయ కమిటీ, గుడ్డు ధరను రోజూ ప్రకటిస్తుంది. విడిగా అమ్మే గుడ్డు ఏ రోజు పెట్టినదో మాత్రం ఎవరూ చెప్పరు. "పొద్దుగాలనే వచ్చినయ్ అన్నా" అన్న షావుకారి మాటే దానికి జన్మపత్రం. మనకైనా కావలసింది ధరే కదా. ట్రే తీసుకుంటే గుడ్డుకు అర్ధరూపాయి తగ్గిందనుకోండి, ముప్పై గుడ్ల మీద పదిహేను రూపాయలు మిగిలినట్టు. అందులో పన్నెండు మురిగితే, గుడ్డు ఆరు రూపాయల లెక్కన డెబ్బై రెండు రూపాయలు మురిక్కాలువ పాలు. మూలమీది కొట్లో ఆరు గుడ్లు అడిగితే ఎవడూ కాదనడు. కానీ ఆరు గుడ్లు పొట్లం కట్టించుకుని వస్తే వాడకట్టులో ఏం పరువుంటుంది? పదిహేను రూపాయలు మిగిలిన సంగతి వాడకంతా తెలుస్తుంది. డెబ్బై రెండు పోయిన సంగతి మాత్రం, వాసన ఇంటింటికీ వెళ్లి చెప్పినా, మనం ఒప్పుకోం.