చెరువుకు పర్మిషన్ ఉందా?

హైదరాబాద్ శివార్లలో ఏటా జులై నుంచి అక్టోబరు దాకా భారీ ఎత్తున అక్రమ విస్తరణ జరుగుతోంది. దరఖాస్తు లేదు, ప్లాను లేదు, చలానా కట్టిన రసీదు లేదు. నాలుగు గంటలు గట్టిగా వాన పడితే చాలు, చెరువు తనంతట తానే పదెకరాలు కలిపేసుకుంటుంది. పొద్దున్నే లేచి చూసేసరికి సెల్లార్‌లో కార్లు తేలుతుంటాయి. ఇంత దౌర్జన్యం చేస్తున్న చెరువుకు ఒక్క షోకాజ్ నోటీసు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

అదే ఒక బిల్డరు, పాపం, చెరువు పక్కనున్న తన అపార్టుమెంటుకు ఫేజ్-2 కట్టుకుంటానన్నాడనుకోండి. ఎన్ని గడపలు తొక్కాలో! హెచ్‌ఎండీఏ ప్లాను, నీటిపారుదల శాఖ ఎన్‌వోసీ, రెవెన్యూ వారి సర్వే, ఫైర్ వారి సంతకం. కట్టేది 20 వేల చదరపు మీటర్లకు చేరితే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం రాష్ట్ర స్థాయి మదింపు సంస్థ ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడాలి. (ఆ అంకెకు కాస్త ఇవతలే ఆగిపోయే కట్టడాలంటే కొందరికి ఎందుకంత మక్కువో ఇప్పుడు అర్థమైందా?) ఇంత కష్టపడేవాడు కబ్జాకోరు, ఒక్క సంతకమైనా పెట్టించుకోని చెరువు బాధితురాలు! ఇదెక్కడి న్యాయం? అందుకే ఈ వారం నేను బిల్డరు పక్షం.

అలాంటి ఒక ఫేజ్-2 ఫైలును శ్రద్ధగా సమీక్షించాను. ప్రాజెక్టు పేరు చెప్పను. చెబితే సగం నగరం అది తాముండే అపార్టుమెంటే అనుకుని కంగారు పడుతుంది, మిగతా సగం అందులో ఇంకా ఫ్లాట్లున్నాయా అని అడుగుతుంది.

నా ముందు రెండు పత్రాలున్నాయి. మొదటిది కొనేవాళ్లకు ఇచ్చే బ్రోచరు. నిగనిగలాడే ఆర్టు పేపరు. అట్ట మీద నీలం రంగు నీళ్లు, ఆ నీళ్లలో ఫ్లెమింగోలు, ఒడ్డున యోగా చేస్తున్న ఒకమ్మాయి, బాల్కనీలో కాఫీ తాగుతున్న దంపతులు. బాల్కనీకీ నీళ్లకూ మధ్య దూరం ఎంతంటే, కప్పు జారితే చెరువులోనే పడాలి. చెరువు వైపు ఫ్లాటుకు చదరపు అడుగుకు ఇంతని అదనం. పై అంతస్తుకు వెళ్లేకొద్దీ ఇంకాస్త అదనం, ఎందుకంటే అక్కణ్నుంచి చెరువు ఇంకా బాగా కనిపిస్తుంది.

రెండోది సర్కారుకు పెట్టుకున్న దరఖాస్తు. మామూలు తెల్ల కాగితం. 'సమీపంలోని జలవనరులు' అన్న గడిలో 'వర్తించదు' అని ఉంది. 'పక్షులు, జంతువులు' అన్న చోట 'చెప్పుకోదగ్గవి లేవు' అని ఉంది. జతచేసిన ఫొటోలో పగుళ్లు బారిన నేల, దాని మీద భవన శిథిలాల దిబ్బ, దిబ్బ మీద ఒక మేక. మేకను మాత్రం దాచలేదు, అది మెచ్చుకోవాల్సిన విషయం. అంటే ఒకే చెరువు మార్కెటింగ్ విభాగంలో పొంగి పొర్లుతోంది, లీగల్ విభాగంలో ఎండి బీటలు వారింది. రెండు విభాగాలకూ మధ్య ఉన్నది ఒక్క అద్దం తలుపు.

ఇందులో నాకు తోచిన సంస్కరణ ఒకటుంది. పర్యావరణ నివేదికలు రాయించడానికి కన్సల్టెంట్ల మీద బోలెడు డబ్బు పోస్తున్నారు కదా, అవన్నీ మానేసి బ్రోచరునే చట్టబద్ధమైన పత్రంగా గుర్తిస్తే పోతుంది. చెరువు ఎంత దగ్గరో, ఎన్ని పక్షులొస్తాయో, నీళ్లు ఎంత లోతో ఇంత నిజాయితీగా చెప్పే కాగితం ఈ దేశంలో ఇంకోటి లేదు. పైగా ప్రజాభిప్రాయ సేకరణ లోటు కూడా తీరుతుంది. ఫ్యాక్టరీకైతే టెంటు వేసి, మైకు పెట్టి, ఊరి జనాన్ని పిలిచి అడగాలి. అపార్టుమెంట్లకు అదే 2006 నోటిఫికేషన్ ఆ బాధ తప్పించింది. కాబట్టి ప్రాజెక్టు గురించి ముందుగా వివరాలు వినే భాగ్యం టోకెన్ అడ్వాన్సు ఇచ్చేవాళ్లకే.

ఇక క్షేత్ర పరిశీలన. అది మే నెలలో జరిగింది. చెరువుల పరిశీలనకు మే నెలను మించిన ముహూర్తం లేదని అనుభవజ్ఞులు చెబుతారు. బూట్లు తడవవు. పూర్తిస్థాయి నీటిమట్టం, అదే ఎఫ్‌టీఎల్ అంటే అలుగు పారేటప్పుడు నీళ్లు ఎక్కడి దాకా నిలుస్తాయో ఆ గీత. అది చూడాలంటే వానలప్పుడు రావాలి. వానలప్పుడు వస్తే దారి ఉండదు. కాబట్టి అధికారులు మండుటెండలో గొడుగు కింద నిలబడి, 'నీళ్లెక్కడివి?' అని అడిగారు. కన్సల్టెంటు చేతులు కట్టుకుని, 'అదే సార్, మేం మొదట్నుంచీ చెబుతున్నది' అన్నాడు.

హద్దురాళ్లూ చూశారు. ఎఫ్‌టీఎల్ రాళ్లకు ఒక విచిత్రమైన గుణముంది, దాహమేసిన గొడ్ల మాదిరి ఏడాదికి నాలుగడుగులు నీళ్ల వైపు నడుస్తాయి. ఎవరూ తోలరు. ఎవరూ చూడరు.

అంతలో మత్స్యకార సంఘం పెద్దాయన ఒకాయన గేటు దగ్గర నుంచి కేకేశాడు. 'సార్, గా మామిడి చెట్టు దాంక నీళ్లొస్తయి. మా అయ్య నాకు గీడనే ఈత నేర్పిండు.'

'రికార్డు ఉందా పెద్దాయనా?'

'నీళ్లకు రికార్డేంది సార్? రేపు వానల్ల రాండ్రి, కనబడ్తయి.'

మినిట్స్‌లో ఇలా రాసుకున్నారు: 'స్థానికుల నుంచి లిఖితపూర్వకమైన అభ్యంతరాలేవీ అందలేదు.'

తర్వాత బఫర్ లెక్క. ఇక్కడ మన భవన నిర్మాణ నియమావళిని, అంటే 2012 నాటి 168వ జీవోను మెచ్చుకోకుండా ఉండలేం. చెరువు పది హెక్టార్లు లేదా ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. పది హెక్టార్లకు తగ్గితే 9 మీటర్లు చాలు. పది హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఇరవయ్యారెకరాల చెరువులో ఎవరైనా రాత్రిపూట నాలుగు లారీల మట్టి పోసి, ఇంకో నాలుగు పోసి, రెండెకరాలు పూడ్చి, కాగితాల్లోనూ అలాగే ఎక్కించగలిగితే, కొత్తగా వచ్చిన ఆ రెండెకరాలే కాకుండా ఒడ్డు పొడవునా 21 మీటర్ల వెడల్పున నేల బోనస్‌గా వస్తుంది. కబ్జాకు ఇంత చక్కని ప్రోత్సాహకం ఏ పారిశ్రామిక విధానంలోనైనా ఉందా? బఫర్‌లో వినోదానికి తప్ప మరి దేనికీ కట్టకూడదని కూడా అదే నిబంధన అంటుంది. ఫర్వాలేదు. ఫేజ్-2 ప్లానులో బఫర్ నిండా వినోదమే. ఈతకొలను, క్లబ్‌హౌస్, పిల్లల రైలు.

ఈ సమీక్షలో నన్ను అన్నిటికన్నా ఆనందపెట్టింది మాత్రం కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు, 2017. చిత్తడి నేల అంటే ఏమిటో 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ప్రపంచ దేశాలు ఒక నిర్వచనం రాసుకున్నాయి. సహజమైనదైనా, మనుషులు తవ్విందైనా, నీళ్లు ఎప్పుడూ ఉన్నా, కొన్నాళ్లే ఉన్నా చిత్తడి నేలే అన్నాయి. మనవాళ్లు ఆ వాక్యాన్ని భక్తిగా దించుకుని, చివర చిన్న తోక తగిలించారు: తాగునీటి కోసం, సాగునీటి కోసం, చేపల పెంపకం కోసం, ఉప్పు కోసం, వినోదం కోసం ప్రత్యేకంగా మనుషులు కట్టినవి మాత్రం ఇందులోకి రావు.

తెలంగాణలో చెరువులు తవ్విందెవరు? కాకతీయులు, కుతుబ్‌షాహీలు, వాళ్ల సామంతులు, ఊరి పెద్దలు. ఎందుకు? పొలాలకు నీళ్ల కోసం. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయేలా గొలుసుకట్టుగా కట్టుకున్నారు. పుణ్యం కోసం చేసిన ఆ పనే ఇప్పుడు చెరువుకు చుట్టుకుంది. మనిషి తవ్వాడు గనక ఈ నిబంధనల నీడ దానికి దక్కదు. మనిషి కట్టాడు గనక అపార్టుమెంటుకు మాత్రం అన్ని అనుమతులూ వస్తాయి. ఇంతలో కింద ఆయకట్టంతా ప్లాట్లయిపోయింది. తూము తిప్పేవాడు లేడు, తిప్పినా పారడానికి పొలం లేదు. కనుక అది సాగునీటి చెరువు కూడా కాదని సాగునీటి వాళ్లే అంటారు. చిత్తడి నేల కాదు, చెరువు కాదు, చెరువు కడుపులోని శిఖం భూమి అంటారా, దానికి ఎవరో ఎప్పుడో పట్టా తెచ్చుకున్నారు. ఇక మిగిలిందేమిటి? ఫేజ్-2.

సహజ సరస్సుగా పుట్టిన కొల్లేరుకు ఈ పుట్టుక చిక్కు లేదు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ హోదా వచ్చింది. దాని చిక్కల్లా చేపల చెరువులతో, అది వేరే వారం చెప్పుకుందాం. తమిళనాడులో వేదంతాంగల్ కూడా సాగునీటి చెరువే, అయినా 2022లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. వాళ్లు తోక చదవలేదేమో!

అన్నట్టు, ఆ 2017 నిబంధనల్లో ఇంకో ముచ్చటైన మాట ఉంది. చిత్తడి నేలగా ప్రకటించిన చోట, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలేవీ కట్టకూడదు, పడవల జెట్టీలు తప్ప. ఇది చదివి కన్సల్టెంటు కళ్లు మెరిశాయి. పద్నాలుగు అంతస్తుల జెట్టీ ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. సెల్లార్‌లో ఒక పడవ కట్టేస్తే సరి. వానాకాలంలో అది ఎలాగూ అవసరమే.

రక్షణ హోదా ఉన్న చెరువుల సంగతి ఇంతకన్నా బాగుందేమోనని అమీన్‌పూర్ చెరువు వైపు చూశాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ గౌరవం దక్కిన తొలి జలాశయం అదే. గౌరవం దక్కగానే చుట్టుపక్కల ప్లాట్ల ప్రకటనల్లోకి ఫ్లెమింగోలు ఎక్కాయి. పక్షికి ఇంతకన్నా గుర్తింపు ఏం కావాలి? 2024లో అదే అమీన్‌పూర్ మండలంలో హైడ్రా యంత్రాలు దిగాయి.

హైడ్రా అనే ఈ ప్రభుత్వ సంస్థ 2024 జులైలో పుట్టింది. చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం దాని పని. మంచిదే. కానీ ఈ ఏర్పాటులో అందమంతా పని విభజనలో ఉంది. ఒక కార్యాలయం స్టాంపు వేస్తుంది, ఇంకో కార్యాలయం రిజిస్ట్రేషన్ చేసి ఫీజు తీసుకుంటుంది, మరోటి ఇంటి నంబరు, వేరొకటి కరెంటు మీటరు, ఇంకొకటి నల్లా కనెక్షన్ ఇస్తాయి. ఆఖర్న ఒకటి వచ్చి జేసీబీతో కూలుస్తుంది. అన్నీ ఒకే ప్రభుత్వానివే. స్టాంపు వేసిన కుర్చీ ఎక్కడుందో కూల్చే యంత్రానికి దారి తెలియదు. ఫ్లాటు కొన్నవాడి బ్యాంకుకు మాత్రం తెలుసు, ఇల్లున్నా లేకున్నా ఐదో తారీఖున వాయిదా కోసేస్తుంది.

సమీక్ష ముగిసేముందు వరదల చరిత్రా, వాతావరణ శాఖ లెక్కలూ తిరగేశాను. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తితే, ఆ దెబ్బకు నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఆ రెండిటినీ కాపాడేందుకు 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షల ముడి విప్పడం మొదలెట్టారు. ఇక వానల లెక్కలకొస్తే, 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు. రెండుసార్లూ 'కనీవినీ ఎరుగని వాన' అన్నారు. ఫేజ్-2 ఫైలులో వరద ముప్పు గడిలోనూ అదే మాట ముందుగానే రాసి ఉంచారు, వచ్చే వానకు పనికొస్తుందని.

మదింపు కమిటీ తీర్పు ఊహించిందే. షరతులతో అనుమతి. షరతుల్లో మొదటిది, ప్రాంగణంలో మొక్కలు నాటాలి. రెండోది, వాననీటి ఇంకుడు గుంత తవ్వాలి. చెరువును పూడ్చిన చోట గుంత తవ్వమనడంలోని దూరదృష్టికి నా జోహార్లు.

ఈ కాలమ్ చదివేవాళ్లలో ఎవరైనా ఇలాంటి ఫేజ్-2లో టోకెన్ అడ్వాన్సు ఇవ్వబోతుంటే, నా బిల్డరు భక్తిని ఒక్క నిమిషం పక్కన పెట్టి చెబుతున్నాను. సేల్స్ కుర్రాడు ఏసీ కారులో తీసుకెళ్తానంటే వద్దనండి. సెప్టెంబరులో, గట్టి వాన పడిన మర్నాడు, మీరే వెళ్లండి. ఫేజ్-1 వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, కిందటేడు సెల్లార్‌లో మోటారు ఎన్ని రోజులు నడిచిందో అడగండి. గోడ మీద సున్నం ఎంత ఎత్తు దాకా రాలిందో చూడండి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల పటాలుంటాయి, మీ సర్వే నంబరు అందులో ఏ గీతకు ఇవతలుందో, ఆ చెరువు ఎఫ్‌టీఎల్ నోటిఫికేషన్ ప్రాథమికమో తుదిదో సరిచూసుకోండి. ఇవన్నీ అయ్యాకే చెక్కు మీద సంతకం పెట్టండి.