తెల్ల తీగ, పచ్చ తీగ

నేను డేటా కేబుల్‌ని. మీటరు పొడుగు, నల్లటి ఒళ్లు. ఒక కొన కంప్యూటరుకి, రెండో కొన ఫోనుకి. నా లోపల నాలుగు తీగలున్నాయి. ఎర్ర తీగలో అయిదు వోల్టుల కరెంటు పోతుంది, నల్లది దాని తిరుగుదారి. మాటలు మోసేవి మాత్రం తెల్ల తీగ, పచ్చ తీగ. చెన్నై రిచీ స్ట్రీట్ టోకు సంచిలో నాతో పాటు పడి ఉన్నవాళ్లలో చాలామందికి ఈ రెండూ లేవు. పైకి అందరం ఒకటే. వాళ్లతో ఛార్జింగు అవుతుంది, అంతే. ఫోను తగిలించిన సంగతే కంప్యూటరుకి తెలియదు. నన్ను కొన్న నెల్లూరాయన ముందు తన ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఫోను పేరు తెర మీద పడ్డాకే డబ్బులు తీశాడు.

ఆయన రిపేరు దుకాణం టి. నగర్‌లో, రంగనాథన్ స్ట్రీట్ పక్క సందులో. మనిషి నిలబడితే బల్లకి చోటుండదు. ఈ పేటకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు. ఇక్కడి పానగల్ పార్కుకి పేరిచ్చిన పానగల్లు రాజా, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన మంత్రి, ఆయనా తెలుగువాడే. వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల దేవస్థానం వారి గుడికి వచ్చి, పనిలో పనిగా మా దగ్గర ఫోను చూపించుకుని పోయే తెలుగువాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మా యజమాని మౌసు తక్కువ ముట్టుకుంటాడు. నల్ల కిటికీ ఒకటి తెరిచి ఆజ్ఞలు టైపు చేస్తాడు. ఆ పనిముట్టు పేరు ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, అందరూ ఏడీబీ అంటారు. అందులో ముగ్గురు పనివాళ్లు. ఆజ్ఞ అందుకునేది క్లయింటు. దాన్ని తీసుకునేది అదే కంప్యూటర్లో 5037వ పోర్టు దగ్గర కాచుకున్న సర్వరు. ఫోను లోపల కూర్చుని పని చేసిపెట్టేది డీమన్. సర్వరుకీ డీమన్‌కీ మధ్య నేను.

మొదటి ఆజ్ఞ ఎప్పుడూ 'ఏడీబీ డివైసెస్'. జవాబులో 'డివైస్' అని వస్తే పని మొదలు. 'ఆఫ్‌లైన్' అని వస్తే నన్ను పీకి మళ్లీ గుచ్చుతారు. 'అనథరైజ్డ్' అని వస్తే మాత్రం ఎంత పీకినా గుచ్చినా లాభం లేదు. ఫోను తెర మీద అనుమతి అడిగే పెట్టె వచ్చి ఉంటుంది, సొంతదారు దాని మీద వేలు పెట్టాలి. ఆండ్రాయిడ్ 4.2.2 వచ్చిన 2013 నుంచీ ఇదే కట్టడి. కంప్యూటరు తన తాళంచెవి గుర్తు చూపించాలి, ఫోను దాన్ని ఒప్పుకోవాలి. అసలు అంతకు ముందే సెట్టింగుల్లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టి, డెవలపర్ ఆప్షన్లు బయటికి లాగి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఉండాలి.

ఒకరోజు గుడి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "నాయనా, నేనేం ముట్టుకోకపోయినా తెర నిండా ప్రకటనలొస్తున్నాయి. ఫోను మొత్తం చెరిపేస్తే తప్ప పోవంటున్నారు" అన్నాడు.

"చెరపక్కర్లేదు పెద్దాయనా. ఇక్కడ అనుమతి అడుగుతోంది చూడండి, మీరే నొక్కండి" అన్నాడు మావాడు.

ప్రకటన వచ్చేదాకా ఆగాడు. రాగానే 'డంప్‌సిస్ విండో' అని అడిగాడు, తెర మీద ఇప్పుడు ముందున్నది ఎవరి కిటికీ అని. పేరు నా గుండా వచ్చింది. తన బొమ్మని దాచేసుకున్న టార్చిలైటు యాప్ అది. తీసేయబోతే ఫోను ఒప్పుకోలేదు, ఎప్పుడో అడిగినప్పుడు పెద్దాయన దానికి అడ్మిన్ అధికారం ఇచ్చేశాడు. సెట్టింగుల్లో ఆ అధికారం రద్దు చేయించి, మళ్లీ ఆజ్ఞ ఇస్తే 'సక్సెస్' అని పడింది. మనవడి ఫొటోలు ఒక్కటీ పోలేదు.

ఫోనుతో పాటే వచ్చిన అక్కర్లేని యాప్‌లనీ ఇలాగే తీస్తాడు. కానీ చెప్పి తీస్తాడు: "ఇవి ఈ యూజరుకి మాత్రమే పోతాయి. అసలు కాపీ సిస్టంలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే తిరిగొస్తాయి."

నాకు ఇష్టమైన పని లాగ్‌క్యాట్. ఫోను లోపల జరిగే ప్రతి చిన్న సంగతీ వరసలుగా వచ్చి పడుతుంది, మాంబలం స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలు దిగిన జనంలా. అందులో మనకి కావలసిన మనిషిని పట్టుకోవడమే విద్య. వరసకో అక్షరం ఉంటుంది: ఐ అంటే సమాచారం, డబ్ల్యూ అంటే హెచ్చరిక, ఈ అంటే తప్పు, ఎఫ్ అంటే ప్రాణాంతకం. తిరుపతి నుంచి చదువుకోడానికి వచ్చిన ఒకమ్మాయి తెలుగు క్యాలెండరు యాప్ రాసింది. తన ఫోనులో బాగానే ఉంది, చవక ఫోనులో తెరవగానే మూసుకుపోతోంది. తెలిసినవాళ్లంతా తలో ఊహ చెప్పారట. మావాడు తప్పుల వరసలు మాత్రం ఉంచి మిగతావి వడకట్టాడు. 'అవుట్ ఆఫ్ మెమరీ' అని కనబడింది. ముఖచిత్రంగా పెట్టిన దేవుడి బొమ్మ ఆ ఫోను మోయలేనంత పెద్దది. ఆ అమ్మాయి బొమ్మ చిన్నది చేసింది, యాప్ తెరుచుకుంది. ఊహల మీద పని చేసే మెకానిక్కుకీ లాగు చదివే మెకానిక్కుకీ తేడా అక్కడే.

మేము చేయలేనివీ ఉన్నాయి. తెర నల్లబడి, డీబగ్గింగ్ ముందే ఆన్ చేసి లేకపోతే నేను బయటే ఉండిపోతాను. తెర కనబడుతూ టచ్ ఒక్కటే చచ్చిపోతే ఓటీజీ ముక్కతో మౌసు తగిలించి, సొంతదారు చేతే పిన్ కొట్టించవచ్చు.

ఒక కుర్రాడు ఖరీదైన ఫోను తెచ్చి "లాక్ తీసేయన్నా, ఎంతైనా ఇస్తా" అన్నాడు. బిల్లు అడిగితే లేదు. ఫాస్ట్‌బూట్ అనే ఇంకో పనిముట్టుతో బూట్‌లోడర్, అంటే ఫోనుని లేపే ప్రోగ్రాము, తాళం తీస్తే డేటా అంతా చెరిగిపోతుంది. తాళం తీయకుండా రీసెట్ కొట్టినా పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. మావాడు అదేమీ చెప్పలేదు, ఫోను వెనక్కి నెట్టాడు. పోగొట్టుకున్నవాళ్లు వస్తే మాత్రం ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరుతో ఫోనుని బ్లాక్ చేయించే దారి చెబుతాడు.

ఇప్పుడు నా మెడ దగ్గర రబ్బరు చిట్లింది. ఆండ్రాయిడ్ 11 నుంచి వైఫై మీదే జత కోడుతో డీబగ్గింగ్ నడుస్తుంది కాబట్టి దుకాణంలో పని నేర్చుకునే తంబి నన్ను ముసలిదాన్ని చేశాడు. గాలిలో పని సుఖమే, కాని కాపలా కావాలి. ఏడీబీ కోసం 5555వ పోర్టు తెరిచి వదిలేసిన ఆండ్రాయిడ్ పరికరాల్లోకి 2018లో ఒక పురుగు దూరి, వాటిచేత క్రిప్టో నాణేలు తవ్వించింది. పైగా మామూలు ఫోన్లలో ఫాస్ట్‌బూట్ పనికి ఇప్పటికీ తీగే కావాలి.

చివరగా మీకో మాట. రిపేరు దుకాణం కంప్యూటరుకి 'ఎల్లప్పుడూ అనుమతించు' అని టిక్కు పెట్టకండి. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపండి, ఇచ్చిన అనుమతులు రద్దు చేయండి. ఫొటోలకి వేరే చోట ఇంకో కాపీ ఉంచండి. ఫోను ఎవరి చేతిలో పెట్టినా, అనుమతి అడిగే ఆ చిన్న పెట్టె మీద పడే వేలు మాత్రం మీదే కావాలి.