కొత్త పిట్టలదొర

తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు పిట్టలదొరను పరిచయం చెయ్యక్కర్లేదు. ఖాకీ బట్టలు, నెత్తిన దొరటోపీ, భుజాన కట్టె తుపాకీ. ఆ తుపాకీ పేలదు, ఆయన నోరే పేలుతుంది. తనకు లేని జాగీర్ల గురించీ, తాను కొట్టని పులుల గురించీ వీధి మధ్య నిలబడి చెబుతుంటే ఊరంతా పగలబడి నవ్వేది. ఇప్పుడాయన కనిపించడమే అరుదైపోయిందని కొందరు బెంగపడుతున్నారు. బెంగ అనవసరం. దొరగారు హైదరాబాద్‌కు మకాం మార్చి, గేటెడ్ కమ్యూనిటీలో మూడు పడకగదుల ఫ్లాటు కొనుక్కుని, ఆదివారం ఆదివారం అమీన్‌పూర్ చెరువు గట్టున దర్శనమిస్తున్నాడు. ఖాకీ పోయి ఆకుల అచ్చు చొక్కా వచ్చింది. కట్టె తుపాకీ పోయి మూరెడు లెన్సు వచ్చింది. నోరు మాత్రం అదే.

మిగతా వారమంతా ఈయన్ను గుర్తుపట్టడం కష్టం. లిఫ్టు రాకపోతే బటన్ పదిసార్లు నొక్కుతాడు. సిగ్నల్ పచ్చబడీ పడకముందే హారన్ మోగిస్తాడు. ఇడ్లీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే అలిగి ఆఫీసుకు వెళ్లిపోతాడు. అదే మనిషి ఆదివారం పొద్దున్నే పల్లేరుకాయల మీద బోర్లా పడుకుని, బుడబుంగ నీళ్లలోంచి తల ఎత్తడం కోసం గంటన్నర ఊపిరి బిగబట్టి ఉంటాడు. పడుకోవడం ఎందుకంటే, కెమెరా పిట్ట కంటి ఎత్తులో ఉంటేనే ఫోటోకు ప్రాణం వస్తుంది. బుడబుంగ మునిగినచోట తేలదు. ఈ సంగతి గట్టున ఆడుకునే పిల్లలందరికీ తెలుసు.

లెన్సుకు మూడు ధరలుంటాయి. కొట్లో కట్టింది, స్నేహితులకు చెప్పేది, ఇంట్లో చెప్పేది. 600 ఎంఎం ఎఫ్/4 అయితే పది లక్షల పైమాటే, బరువు మూడు కిలోలు. అంత తూగలేనివాళ్లు 150-600 జూమ్‌తో సర్దుకుంటారు. సర్దుకున్నామని మాత్రం ఒప్పుకోరు. మన దొరగారు ఈఎంఐల మీద పెద్దదే కొన్నాడు. ఇంట్లో చెప్పిన ధరకు దాని సంచీ కూడా రాదు.

ఇక ఆ చొక్కా. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు గానీ, చుట్టూ అంతస్తుల మీద అంతస్తులు లేస్తూనే ఉన్నాయి. ఆ సిమెంటు మధ్య నిలువునా ఆకులు తొడుక్కున్న మనిషి కిలోమీటరు అవతలి నుంచి కూడా కనిపిస్తాడు. పైగా రంగులు చూడటంలో పిట్టలు మనకంటే ఘటికులు. మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి కూడా చాలా పిట్టలకు కనిపిస్తుంది. చొక్కాను నమ్మి మోసపోయేది గేదెలే. ఓ గేదె ఆయన వీపు వాసన చూసి, పచ్చిక కాదని తేల్చుకుని, నిట్టూర్చి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఉన్నాడు కాబట్టి ఆయనకు తెలీదు. ఆ పూట ఫోటోలన్నీ ఎందుకు కదిలిపోయాయో ఇప్పటికీ అంతుపట్టక, ట్రైపాడ్‌ను తిడుతుంటాడు.

నవ్వుతున్నాం గానీ, పిట్ట ఫోటో తీయడం చిన్న పనేం కాదు. ఆ మాట ఆయన పక్షాన చెప్పి తీరాలి. మనిషైతే కాస్త ఇటు తిరగండి అంటే తిరుగుతాడు. పిట్ట తిరిగేది అటే. పొద్దున ఒకటి రెండు గంటలే మెత్తటి వెలుతురు. తొమ్మిది దాటిందా, నేల వేడెక్కి గాలి వణుకుతుంది. పొడుగు లెన్సులో ఆ వణుకు మరింత పెద్దదై, కొంగ ఈకలన్నీ అలుక్కుపోతాయి. ఎన్ని లక్షలు పోసినా మధ్యలో ఉన్న గాలిని మార్చే లెన్సు ఇంకా రాలేదు. అసలు కెమెరాకూ తెల్ల కొంగకూ పడదు. దాని లెక్కలో లోకమంతా ఓ మోస్తరు బూడిద రంగు. నల్లటి నీళ్లలో కొంగ నిలబడితే, ఆ నలుపు చూసి కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది. కొంగ కాస్తా సున్నపు ముద్దవుతుంది. సరే కదాని వెలుతురు తగ్గించి పెట్టుకుని కూర్చుంటే, వచ్చి వాలేది నీటికాకి. ఆ చీకటి ఫోటోలో ముక్కేదో తోకేదో చెప్పడానికి దొరగారే కావాలి. ఎగిరే పిట్టను నిలబెట్టాలంటే షట్టరు సెకనులో రెండువేలో వంతైనా ఉండాలి. లకుముకి దూకుడికి ఇంకా ఎక్కువ. షట్టరు వేగం పెంచితే వెలుతురు చాలదు, వెలుతురు కోసం ఐఎస్ఓ పెంచితే ఫోటో నిండా ఇసక.

వీటన్నిటినీ మించిన పగ పాలపిట్టతో. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు అది కంటపడితే శుభమని జనం పొలాల వెంబడి వెతుకుతారు. దొరగారికి ఏడాది పొడవునా దసరాయే. కూర్చున్న పాలపిట్ట పెద్దగా కళ కట్టదు, గోధుమరంగు రొమ్ముతో ముడుచుకుని ఉంటుంది. రెక్క విప్పినప్పుడే ఆ నీలాలు బయటపడతాయి. ఆ నీలం రంగు పూత కాదు, ఈక లోపలి నిర్మాణంలో వెలుతురు చెదిరి పుట్టేది. కాబట్టి ఎగిరే క్షణమే కావాలి. అది మాత్రం కరెంటు తీగ మీద కూర్చుని ఎంతకీ ఎగరదు. ఈయన లెన్సు ఎత్తిపట్టుకుని నిలబడతాడు. భుజం లాగుతుంది, చెమట కంట్లోకి దిగుతుంది. తుడుచుకుందామని చెయ్యి దించాడో లేదో, తీగ ఖాళీ.

“అది నన్నే కనిపెట్టుకుని ఉందండీ. నా వేలు బటన్ మీంచి లేచేదాకా ఆగింది, చూశారా!”

అది కనిపెట్టుకుని ఉన్నది కింద గడ్డిలో మిడతను. కానీ పది లక్షలు పెట్టిన మనిషికి ఆ మాట ఎలా చెబుతాం?

గట్టుమీద నిలబడితే ఎవరో ఒకరు పలకరించక మానరు. ట్రైపాడ్ చూసి మొదటి ప్రశ్న, “సర్వేనా సార్? ఎవల భూమి పోతది?” రెండోది, “ప్లాటు గిట్ల చూస్తున్రా?” ఓ చేపలాయన మాత్రం తెప్ప మీంచే సంగతి పట్టేశాడు.

“లకుముకి కోసమైతే గా ఎండిన కట్టె కాడ కూసోండ్రి సార్. రోజు గాడికే వస్తది. చాపను పట్టి గా కట్టెకే కొట్టి మింగుతది.”

చేతిలో ఫోను, ఫోన్లో పిట్ట కూతలు గుర్తుపట్టే యాప్, పక్కన ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని దొరగారు చెరువు చుట్టూ తిరిగింది ఆ కట్టె కోసమే. పై ఆదివారం అక్కడ తీసిన ఫోటో నిజంగానే బాగా వచ్చింది. దాని కింద, “నెలల తరబడి ఈ పక్షి అలవాట్లను అధ్యయనం చేసి” అని రాసుకున్నాడు. చేపలాయన ఊసు లేదు.

ఎక్కడ తీశారని మాత్రం అడక్కండి. జీతమెంతో చెబుతాడు, షుగరెంతో చెబుతాడు, పిట్ట చిరునామా చెప్పడు. “వికారాబాద్ వైపు” అంటాడు. గట్టిగా అడిగితే, “వికారాబాద్ దాటాక” అంటాడు. దీనికి న్యాయమైన కారణమే ఉంది. గుడ్లగూబ గూడు ఫలానా చెట్టు మీద ఉందని ఒక్కసారి బయటపడితే, పై ఆదివారానికి ఆ చెట్టు కింద తిరనాళ్లే. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించేవాళ్లూ ఉన్నారు. తన తావులోకి పగవాడు వచ్చాడనుకుని, పాపం అది ఉన్న పని వదిలేసి కొమ్మ కొమ్మకూ వెతుక్కుంటుంది. దొరగారు ఆ పని చెయ్యడు. చేసేవాళ్ల పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన మనిషిని.

అసలు దర్బారు ఆదివారం సాయంత్రం, క్లబ్‌హౌస్ మెట్ల మీద. బాగా వచ్చిన ఫోటోల గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు, వాటిలో కథ ఉండదు. రాని ఫోటోలోనే రసమంతా. సూళ్లూరుపేట దాటి పులికాట్‌లో రాజహంసల కోసం పోయి తెచ్చిన ఫోటోలో, నీటికీ ఆకాశానికీ మధ్య గులాబీ రంగు గీత ఒకటుంది. ఆ గీతలో ఏ హంస ఎటు చూస్తోందో వేలు పెట్టి చూపిస్తాడు. దీన్ని పిట్టల ఫోటోలు తీసేవాళ్లు రికార్డ్ షాట్ అంటారు. పిట్ట ఉందనడానికి సాక్ష్యం, గోడకు తగిలించడానికి పనికిరాని సరుకు.

కలివికోడి కథ మొదలైతే మాత్రం పిల్లలు కూడా ఆట ఆపేస్తారు. 1900 తర్వాత కంటపడక, ఇక అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే జీవి. ఏళ్ల తరబడి దాని వెంటపడ్డ పరిశోధకులే, అడుగుజాడలైనా దొరుకుతాయని నేలమీద మెత్తటి మట్టి పరిచి, వాటంతటవే పనిచేసే కెమెరాలు కట్టి వెతికారు. దొరగారికి మాత్రం సిద్ధవటం దారిలో టీకని కారాపితే ఎదురొచ్చింది.

“ఫోటో తీశారా సార్?”

“మెమరీ కార్డు నిండిపోయింది బాబూ.”

నిండదూ మరి! పొద్దుటి నుంచీ సెకనుకు ఇరవై చొప్పున కొంగల్ని నింపాడు. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు కలివికోడి ఇరవై గజాల దూరంలో ఉంది. సంక్రాంతికి పది గజాలకు వచ్చింది. ఉగాదినాటికి ఆయన చెప్పు వాసన చూసింది.

ఇంట్లో ఆ రాత్రంతా ఏరివేత. వేల ఫోటోల్లో కన్ను చురుగ్గా వచ్చింది ఏదో చూసి మిగతావి తీసెయ్యాలి. తియ్యడానికి మనసొప్పదు. ఆవిడను పిలుస్తాడు.

“ఏవండీ, ఇది పోయిన వారం చూపించారుగా.”

“అందులో ముక్కు ఎడమకు ఉంది.”

మొన్న ఆయన బావమరిది గృహప్రవేశం. ఫోటోగ్రాఫర్ ముహూర్తానికి రాలేదు. “బావా, నీకంత కెమెరా ఉంది కదా” అన్నారు. అది నాలుగు మీటర్ల లోపున ఉన్న మనిషిని అసలు చూడదనీ, ఇంటిల్లిపాదీ అందులో పట్టాలంటే వీధి చివరికి పోవాలనీ వాళ్లకేం తెలుసు? దొరగారు కిరాణా కొట్టు దాటి, ఇస్త్రీ బండి పక్కన ట్రైపాడ్ నిలబెట్టి, ఫోన్లో ఆజ్ఞలు మొదలుపెట్టాడు. “అత్తయ్యగారిని కాస్త తలెత్తమను. మామయ్యగారు కళ్లజోడు తియ్యాలి. ఆ ఆటోను పోనివ్వండి.” అంతా సర్దుకునేసరికి పిట్టగోడ మీద పాలపిట్ట వాలింది. “కదలకండి! ఎవరూ కదలకండి!” అని ఫోన్లో కేక. ఎందుకో ఏమిటోనని బంధువులంతా వెనక్కి తిరిగి పైకి చూశారు. అత్తగారు దండం పెట్టింది. పాలపిట్ట రెండు రెక్కలూ విప్పి అందరి నెత్తిమీంచీ వెళ్లిపోయింది. చూడనిది దొరగారొక్కడే, ఆ క్షణాన ఆయన షట్టరు వేగం సరిచేసుకుంటున్నాడు.

ఫోటోలో వచ్చినవి బంధువుల వీపులు, ఖాళీ పిట్టగోడ. క్లబ్‌హౌస్ మెట్ల మీదికి చేరేసరికి ఆ పాలపిట్ట వచ్చి లెన్సు మీదే వాలింది.